ముప్పై ఏడు నెలలు

అంతర్వేది పల్లిపాలెం
విశ్వావసు ఆషాఢ శుద్ధ దశమి, శనివారం

చిరంజీవి తలుపులమ్మకు,

నీ ఉత్తరం చేరింది. రాజమండ్రి ఇల్లు కొంటానన్న జానకిరామ్ గారు రిజిస్ట్రేషన్ ఎప్పుడని రోజూ అడుగుతున్నారని రాశావు. తొందర ఆయనది. రోజు మనం పెట్టాలి.

మళ్ళీ ఒకసారి చెబుతాను, మనసులో ఉంచుకో. బావగారు పోయాక నువ్వు అమలాపురం ఇల్లు అమ్మావు. దాని మీద వచ్చిన లాభానికి పన్ను ఉంది. ఆ సొమ్ముతో రాజమండ్రిలో మూడు వాటాల అద్దె ఇల్లు కొన్నావు కాబట్టి అప్పుడు కట్టనక్కర్లేదన్నారు. కట్టనక్కర్లేదంటే ఆ పన్ను పోయిందని కాదు. గట్టు మీద కూర్చుని ఎదురుచూస్తూ ఉంది. కొత్త ఇంటిని మూడేళ్ళు నిండేదాకా అమ్మకుండా ఉంచితేనే అది లేచి వెళ్ళిపోతుంది. ముందే అమ్మితే మళ్ళీ మన గుమ్మంలోకే వస్తుంది. ఆడిటరు మధులత గారు చెప్పింది ఇదే.

రోజూ రాసే నా పుస్తకం తీసి చూశాను. ఆ ఇల్లు నీ పేర రిజిస్టరు అయింది శుభకృత్ శ్రావణ శుద్ధ సప్తమి, గురువారం. ఈ ఏడు శ్రావణ శుద్ధ సప్తమి కూడా గురువారమే వచ్చింది. తిథీ అదే, వారమూ అదే. పైగా మధ్యలో అధిక శ్రావణం ఒకటి వచ్చి వెళ్ళింది. అంటే ముప్పై ఆరు నెలలు కాదు, ముప్పై ఏడు. ఒక నెల మనకు ఎక్కువే ఉంది.

సప్తమి నాడు పోటుకి బలం ఉండదు. వలలో చేప తక్కువ, ఒడ్డున నేను నడిపే వేలం పాట తొందరగా ముగుస్తుంది. మధ్యాహ్నానికి నేను రాగలను. ఆ రోజే ఖాయం చెయ్యి. మధులత గారిని మళ్ళీ అడగనక్కర్లేదు.

అన్నయ్య
లోకనాథ్


రాజమండ్రి
11 జులై 2025

అన్నయ్యకి నమస్కారాలు.

నీ కవరు ఇస్తూ పోస్టుమాను ఏమన్నాడో తెలుసా? "నా బీటు మొత్తంలో ఇంకా ఉత్తరాలు రాసుకునే అన్నాచెల్లెళ్ళు మీరేనండీ" అన్నాడు. ఏం చెయ్యమంటావు, ఫోన్లో నీ నోట్లోంచి 'ఊ' తప్ప రెండో మాట రాదు. కాగితం మీదైతే కనీసం నాలుగు మాటలు దొరుకుతాయి.

సప్తమే ఖాయం చేశాను. జానకిరామ్ గారు "నాలుగైదు రోజులు అటూ ఇటూ అయినా ఫర్లేదండి" అన్నారు. నేనే వద్దన్నాను. మా అన్నయ్య రోజు పెడితే అందులో మార్పు ఉండదండీ, ముప్పై ఏళ్ళ నుంచి రోజుకో వరస రాస్తున్న మనిషి అని చెప్పాను. పక్కనే ఉన్న సూరమ్మ ఊరుకుంటుందా, "వాళ్ళన్నయ్య చెప్పందే సముద్రం కూడా వెనక్కి వెళ్ళదండీ" అంది.

ధవళేశ్వరంలో మూతపడ్డ ఆ ఐసు ఫ్యాక్టరీ మాట్లాడేశాం. నాది సగం, సూరమ్మది సగం. ఇల్లమ్మిన సొమ్మంతా అందులోకే. మేడ మీద గది ఉంది, నా మంచం అక్కడే వేసుకుంటాను. పాతికేళ్ళు అన్నయ్యా, తెల్లారకుండా నేనూ సూరమ్మా చేపల తట్టలు పట్టుకుని ఐసు కోసం ఇంకొకళ్ళ గేటు ముందు నిలబడ్డాం. లేదు పొమ్మంటే ఆ రోజు చేప కుళ్ళిపోయినట్టే. ఇక మన గేటు మనదే.

ఒక్క మాట. మూడేళ్ళు అన్నది రిజిస్ట్రేషన్ అయిన రోజు నుంచేనా, ఇల్లు చేతికొచ్చిన రోజు నుంచా? రెండూ ఒకటే కదా అంటావు. ఒకటేలే. ఊరికే అడిగాను.

చెల్లి
తలుపులమ్మ


ధవళేశ్వరం
20 మే 2026

అన్నయ్యా,

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఈ ఏటి రిటర్ను కోసమని నిన్న సూరమ్మని వెంటబెట్టుకుని మధులత గారి దగ్గరికి వెళ్ళాను. కొన్న దస్తావేజు, అమ్మిన దస్తావేజు రెండూ బల్ల మీద పెట్టాను. ఆవిడ ఒకటి చూసింది. రెండోది చూసింది. మళ్ళీ మొదటిది చూసింది.

"అమ్మా, ఈ డేటు ఎవరు పెట్టారు?"

"మా అన్నయ్యండి."

"నాలుగు రోజులు ఆగలేకపోయారా?"

నాకు అర్థం కాలేదు. "ఆగామండి. ఇంకో నెల ఎక్కువే ఆగాం. ముప్పై ఏడు నెలలు" అన్నాను.

"ఏ నెలలమ్మా?" అంది.

అప్పుడు వినపడింది అన్నయ్యా, నా నోట్లోంచి వచ్చిన మాట నాకే. ఏ నెలలు.

కొన్నది 2022 ఆగస్టు నాలుగు. అమ్మింది 2025 జులై ముప్పై ఒకటి. కాగితం మీద రాసి నా వైపు తిప్పింది. చదువుకోని వాళ్ళకి కూడా తెలిసిపోతుంది. మూడేళ్ళకి నాలుగు రోజులు తక్కువ. సూరమ్మ ఒప్పుకోదే! "లోకనాథ్ గారి పుస్తకం తప్పదండీ, మీ ఫోనే తప్పు చూపిస్తుందేమో" అని ఆవిడతో పేచీ పెట్టుకుంది. ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

అమలాపురం ఇంటి మీద ఆగిన పన్ను ఇప్పుడు కట్టాలట. అయిదు లక్షల పైన. ఇంకో ఇల్లు కొంటే తప్పుతుందట. ఏం పెట్టి కొనను? ఉన్నదంతా కంప్రెసరులోనూ ఐసు తొట్లలోనూ ఉంది. కట్టాలంటే నా సగం వాటా అమ్మాలి. మా ఐసు మూయించాలని చూస్తున్నవాళ్ళే కొనుక్కుంటారు. జులై నెలాఖరు దాకా గడువు.

ఇంటికి వచ్చాక గోడ క్యాలెండరు మీద నేనే వేలు పెట్టి లెక్కపెట్టాను. మూడుసార్లు. ఏదైనా తప్పుందేమో నువ్వు కూడా చూడు. ఉంటే బాగుండును.

తలుపులమ్మ


అంతర్వేది పల్లిపాలెం
24 మే 2026

తలుపులమ్మకు,

పైన తిథి రాయలేదు. రాయబుద్ధి పుట్టలేదు.

వేట నిషేధం నడుస్తోంది. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. వేలం పాటలు లేవు. నాకు పని లేదు. నీ ఉత్తరం చదివి మూడేళ్ళ పుస్తకాలు కింద పరిచి, ఒక్కొక్క వరస మీద చింతగింజ పెడుతూ లెక్కపెట్టాను. ఒక వరస ఖాళీగా ఉంది. దానినీ కలుపుకున్నాను. వెయ్యిన్నీ తొంభై రెండు. మూడేళ్ళకి వెయ్యిన్నీ తొంభై ఆరు రావాలి.

చంద్రుడి నెల ఇరవై తొమ్మిదిన్నర రోజులు. ఇది నాకు తెలియని సంగతి కాదు. ఏ పూట పోటు వస్తుందో, ఏ పూట తీస్తుందో ఒడ్డున అందరూ నన్నే అడుగుతారు. ఆ లెక్కంతా దాని మీదే. అధిక మాసం ఎక్కువ వచ్చిన నెల కాదు. ఏటేటా తరుగుతున్న రోజులను పూడ్చడానికి వేసే మట్టి. పూడ్చాక కూడా నాలుగు రోజుల గుంట మిగిలింది. నేను దాన్ని గట్టు అనుకుని నిన్ను నడిపించాను.

ముప్పై ఏడు నెలలు మూడేళ్ళకి తక్కువ. ఈ వాక్యం రాసి చాలాసేపు చూశాను. నిజమే.

మధులత గారిని అడగనక్కర్లేదన్నది నేను. జానకిరామ్ గారు నాలుగైదు రోజులు ఆగుతానన్నారు. ఆ నాలుగు రోజులనూ వద్దనిపించింది నా పుస్తకం.

నీ వాటా అమ్మకు. నేను చూస్తాను.

లోకనాథ్


ధవళేశ్వరం
30 మే 2026

అన్నయ్యా,

'నేను చూస్తాను' అంటే నాకు భయం వేస్తుంది. నువ్వేం చూస్తావు? నీకున్నది ఆ పెంకుటిల్లు, పుస్తకాల బీరువా, పాపాయి వదిన పేరు రాసిన పడవ. వాటిలో దేని మీదా చెయ్యి వెయ్యకు. ఒట్టు.

నాకు నీ మీద కోపం లేదు. సూరమ్మకి ఉంది, అది రెండు రోజుల్లో పోతుంది. నిన్న ఐసు పలకలు దింపుతూ, "నాలుగు రోజులేనా? మా ఆయన పెళ్ళికే నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాడు, ఎవడైనా పన్నేశాడా?" అంది. అక్కడున్న ఆడాళ్ళంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. మేడ మీదికి వచ్చాక మాత్రం గోడ క్యాలెండరుని తిరగేసి పెట్టాను.

ఇంకా రెండు నెలలుంది. ఏదో ఒక దారి ఉంటుంది. నువ్వు అన్నం తింటున్నావా?

తలుపులమ్మ


అంతర్వేది పల్లిపాలెం
8 జూన్ 2026

తలుపులమ్మకు,

పడవ పోతురాజుకి ఇస్తున్నాను. ఎనిమిదేళ్ళ నుంచి నడుపుతున్నవాడు అతనే. ఒప్పుకున్నాడు. నిషేధం పద్నాలుగు అర్ధరాత్రితో అయిపోతుంది. పదిహేనున కాగితాలు. పేరు తీసేసి ఇమ్మని అతను అడగలేదు, నేనే తీసి ఇస్తానన్నాను. ఆ పేరుతో వేరేవాళ్ళ పడవ పాటకి రావడం నేను చూడలేను. గీకడం మొదలుపెట్టాను.

ఇంకేమీ రాయకు.

లోకనాథ్


ధవళేశ్వరం
11 జూన్ 2026

అన్నయ్యా,

ఈ ఉత్తరం స్పీడు పోస్టులో వేస్తున్నాను. పదిహేను లోపు నీకు అందాలి. అందగానే గీకడం ఆపు. ముందు ఆపు, తరవాత చదువు.

నాలుగేళ్ళ నుంచి నీకు ఒక అబద్ధం చెబుతున్నాను.

2022లో వరద వచ్చినప్పుడు నేను గోదావరి లంకలో మా అత్తవారి పాకలో ఉన్నాను కదా. అమలాపురం ఇల్లు అమ్మేశాం, రాజమండ్రి ఇల్లు ఇంకా రిజిస్టరు కాలేదు. ఆషాఢం వెళ్ళాక శ్రావణంలో అన్నావు. సరే అన్నాను. నీళ్ళు మంచం కోళ్ళ దాకా వచ్చాయి. పడవలో గట్టెక్కించారు. రాజమండ్రిలో ఒక బడిలో, వరద క్యాంపులో ఉన్నానని నీకు చెప్పాను. లేను.

నేరుగా ఇల్లు అమ్ముతున్న విశ్వనాథ్ మాస్టారి దగ్గరికి వెళ్ళాను. మిగతా సొమ్ము అంతకుముందు రోజే బ్యాంకులో ఆయన ఖాతాలో వేయించేశాను. తడి చీరతో నిలబడి, "మాస్టారండీ, తాళం ఇస్తారా?" అన్నాను. ఆయన "ఆషాఢం కదమ్మా" అన్నారు. ఆయనే మళ్ళీ, "సొమ్ము ముట్టింది. ఇల్లు నీది. రిజిస్ట్రేషన్ దానిపాటికి అది అవుతుంది. అద్దెలు కూడా ఈ నెల నుంచి నీకే ఇమ్మని చెబుతాను" అని తాళం చేతిలో పెట్టి, చీటీ రాసిచ్చారు. రెండో వాటా ఖాళీగా ఉంది. ఆ రోజు అందులోనే పడుకున్నాను. ఆషాఢ బహుళ పాడ్యమి. నీ చెల్లెల్ని కదా, తిథి నాకూ గుర్తుంటుంది.

వదినకి ఒక్కదానికే ఫోను చేసి చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. "ఆషాఢంలో కొత్త గడప తొక్కితే చెల్లెలే లేదనుకుంటానన్నాడు అన్నయ్య" అంటే వదిన ఏమందో తెలుసా? "వరదకి లేని ఆషాఢం నీకెందుకే?" అంది. మర్నాడే కొత్త పాలగిన్నె పట్టుకుని బస్సెక్కి వచ్చేసింది. ఇద్దరం పాలు పొంగించాం. "మీ అన్నయ్యకి చెప్పకు. శ్రావణంలో ఆయన ముందు మళ్ళీ పొంగిద్దాం. పాలకేం తెలుసు, మొదటిసారో రెండోసారో" అంది.

కార్తీకంలో వదిన పోయింది.

ఇప్పుడు చెప్పు అన్నయ్యా, నేను నీకు ఎలా చెప్పేదాన్ని? నేను తొక్కకూడని గడప తొక్కాను. రమ్మనకపోయినా నా కోసం ఆవిడా తొక్కింది. దోషం నన్ను వదిలి ఆవిణ్ణి పట్టుకుంది. నాలుగేళ్ళుగా నీ ఎదురుగా కూర్చుని అన్నం తిన్న ప్రతిసారీ ఇదే మాట ముద్దతో కలిపి మింగాను. ఐసు ఫ్యాక్టరీ పోతే పోనీ, ఇది మాత్రం చెప్పకూడదనుకున్నాను. కానీ నువ్వు ఆవిడ పేరు గీకేస్తున్నావు.

ఇల్లు చేతికొచ్చిన రోజు నుంచి లెక్కవేస్తే మూడేళ్ళు దాటింది. మధులత గారిని రేపు అడుగుతాను. అది తరవాతి మాట. నువ్వు నన్నేమన్నా పడతాను. పడవ మాత్రం ఇవ్వకు.

తలుపులమ్మ


అంతర్వేది పల్లిపాలెం
16 జూన్ 2026

తలుపులమ్మకు,

ఉత్తరం పదమూడున అందింది. పడవ ఇవ్వలేదు.

లోకనాథ్


ధవళేశ్వరం
28 జూన్ 2026

అన్నయ్యకి,

నీ ఉత్తరాన్ని తిరగేసి వెనక కూడా చూశాను, ఇంకేమైనా రాశావేమోనని. రెండు ముక్కలు. తిట్టినా బాగుండేది. ఫోను చేస్తే పోతురాజు ఎత్తి, "గట్టు మీద కూర్చున్నారమ్మా, పిలిస్తే చెయ్యి ఊపుతున్నారు" అన్నాడు. రమ్మంటావా, వద్దంటావా? నాకు తెలియడం లేదు.

నీకు అక్కర్లేకపోయినా సంగతి రాస్తాను. మధులత గారు మొత్తం విని, "ఇది మొదటే చెప్పాలి కదమ్మా!" అని తలపట్టుకుంది. సొమ్మంతా కట్టి ఇల్లు చేతికి తీసుకున్న రోజునే కొన్న రోజుగా వాదించొచ్చట. అలా ఒప్పుకున్న తీర్పులు ఉన్నాయట. బ్యాంకు చీటీ ఉంది, దాని మీద 13 జులై అని తేదీ ఉంది. మాస్టారు రాసిన చీటీ ఉంది. కానీ అన్నయ్యా, మన కర్మ చూడు. ఆయన దాని మీద తేదీ వెయ్యలేదు. ఆయన పోయి ఏడాది అయింది. అద్దెకున్నవాళ్ళు చేతికే ఇచ్చారు, ఇప్పుడు ఎక్కడున్నారో తెలియదు.

"ఆ రోజుల్లోనే, అప్పటికప్పుడు రాసిన కాగితం ఏదైనా ఉందా? మీరు కాకుండా ఇంకెవరైనా రాసింది?" అని అడిగింది.

లేదండి అన్నాను. నీ పుస్తకం ఉంది కానీ, నీకు తెలియని సంగతి నీ పుస్తకంలో ఎలా ఉంటుంది? నీకు తెలియకుండా దాచిందే నేను.

తలుపులమ్మ


అంతర్వేది పల్లిపాలెం
12 జులై 2026, ఆదివారం

చిరంజీవి తలుపులమ్మకు,

ఆలస్యమైంది. రాయడానికి కాదు, చదవడానికి పట్టింది.

శుభకృత్ పుస్తకం తీశాను. అక్కడ ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఆషాఢ బహుళ విదియ, శుక్రవారం, 15 జులై. 'వరద. వేట లేదు. పాపాయి రాజమండ్రి వెళ్ళింది, తలుపులమ్మ దగ్గరికి. కొత్త పాలగిన్నె పట్టుకెళ్ళింది. క్యాంపులో పిల్లలకట.'

ఆషాఢ బహుళ షష్ఠి, మంగళవారం, 19 జులై. 'పాపాయి వచ్చింది. తలుపులమ్మ ఇంట్లో రెండో వాటా కుళాయి కారుతోందట. మనిషిని పంపాలి.'

ఇల్లు రిజిస్టరు కావడానికి ఇంకా పదహారు రోజులుంది. ఏ ఇల్లు, ఏ కుళాయి అని నేను అడగలేదు. ఆమె నోరు జారింది. నేను రాసుకున్నాను. నాలుగేళ్ళు ఆ వరస అక్కడే ఉంది. ముప్పై ఏళ్ళుగా నేను చేసింది ఇదే అని ఇప్పుడు తెలుస్తోంది. అన్నీ రాశాను, దేన్నీ అడగలేదు.

ఇంకొకటి. శ్రావణ శుద్ధ సప్తమి, గురువారం, 4 ఆగస్టు. 'రిజిస్ట్రేషన్ అయింది. ఇంట్లో పాలు పొంగించారు. పొంగినప్పుడు పాపాయి, తలుపులమ్మ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఎందుకో చెప్పలేదు.'

పుస్తకం పోతురాజు చేతికిచ్చి రేపు పంపుతున్నాను. మధులత గారికి ఇవ్వు. సూరమ్మ నోట నా పుస్తకం మాట విన్నారు కదా, ఆమె ఫోను చేసి పోతురాజుతో మాట్లాడారట. మధ్యలో ఖాళీ లేకుండా రోజూ రాసిన పుస్తకమైతే బ్యాంకు చీటీకి తోడు నిలుస్తుంది, ధైర్యంగా ఫైలు చేస్తాను అన్నారట. ఒక చోట ఖాళీ ఉంది. ఆమె అడిగేలోపు నీకు చెప్పాలి.

ఆ వరస కార్తీక పౌర్ణమిది. చంద్రగ్రహణం. పాపాయికి అప్పటికి నాలుగు రోజులుగా జ్వరం. పొద్దున లేవలేకపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళమని పోతురాజు బండి కూడా తెచ్చాడు. గ్రహణం పట్టే రోజు బయలుదేరకూడదు, విడిచాక రేపు వెళదాం అన్నాను. ఆమె సరే అంది. ఎప్పుడూ సరే అనే మనిషి కాదు. ఆ రోజు అంది. మర్నాడు తీసుకెళ్ళాను. నిన్న వచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు గారు అన్నారు. ఆ మాట నీకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు వరసలో ఏం రాయాలో తెలియక వదిలేశాను. తరువాత కూడా తెలియలేదు.

కాబట్టి దోషం నీ గడప దగ్గర వెతకకు. అది అక్కడ లేదు. వరదకి లేని ఆషాఢం నీకెందుకని అడిగిన మనిషి, జ్వరానికి లేని గ్రహణం నాకెందుకని అడగలేదు. అడిగే ఓపిక లేదు. నీ ఉత్తరం చదివాక గట్టు మీద కూర్చుని ఇదే అనుకున్నాను. నాలుగు రోజులు తక్కువైతే నీ ఫ్యాక్టరీ వాటా పోబోయింది. ఒక్క రోజు ఎక్కువైతే మనిషే పోయింది. రెండు రోజులూ పెట్టింది నేనే.

పడవ మీద మొదటి అక్షరం గీకాను. మిగతావి ఉన్నాయి. పోతురాజు నిన్న రంగు తెచ్చి తనే మళ్ళీ రాశాడు. వంకరగా వచ్చింది. అలాగే ఉండనిచ్చాను.

రమ్మంటావా అని అడిగావు. బుధవారం నుంచి ఆషాఢం. బుధవారమే రా. పాలగిన్నె ఇక్కడే ఉంది. ఆ రోజు ఇద్దరూ ఎందుకు నవ్వారో నీ ఉత్తరంలో చదివాను, కానీ నీ నోటితో ఒకసారి చెప్పు. ఆమె ఎలా అందో అలాగే చెప్పు. వింటాను.

రాసుకోను.

అన్నయ్య
లోకనాథ్